అంకుల్‌కి చదివి వినిపించిన వ్యాసాలు

సిడ్నీలో మెడిసిన్ మూడో సంవత్సరం చదివేటప్పుడు, పెండిల్ హిల్‌లో ఒక రిటైర్డ్ డాక్టరుగారింట్లో గది తీసుకుని ఉండేదాన్ని. ఆయనది గుంటూరు వైపు. భార్య పోయారు. ఇక్కడే పుట్టి పెరిగిన కూతురు కారులో మూడు గంటల దూరంలో ఉన్న గంగాలిన్‌లో ఉండేది. షుగర్ వల్ల ఆయనకు చూపు బాగా తగ్గింది. యూనివర్సిటీ నుంచి రాగానే కాసేపు చదివి వినిపించేదాన్ని.

ఆయన అడిగేది ఒకే పుస్తకం. పందొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండ్ వైద్యుడొకాయన తీరిక వేళల్లో రాసుకున్న వ్యాసాలు, స్కెచ్‌లు. రోగుల గురించి, పెంచిన కుక్కల గురించి, కొండదారుల్లో నడకల గురించి. ఆ పొడవాటి ఇంగ్లీషు వాక్యాల్లో నేను తడబడితే అంకుల్ నవ్వి, తర్వాతి మాట తనే అందించేవారు.

"ఈయనకి పేషెంట్ అంటే ప్రేమమ్మా. ఎగ్జామ్స్ గొడవలో పడి మనం అది మర్చిపోతాం," అనేవారు.

ఒక మధ్యాహ్నం తడబడి ఆగాను. ఆయన మాట అందించలేదు. తలెత్తి చూస్తే మూతి ఒకవైపుకి జారింది, కుడిచెయ్యి కుర్చీ మీంచి వేలాడుతోంది. పక్షవాతమని తెలుస్తూనే ఉంది. అంబులెన్స్ కోసం ట్రిపుల్ జీరోకి ఫోన్ చేసి అడ్రస్ చెప్పాను.

ప్రాణం దక్కింది. ఇంగ్లీషు మాత్రం పోయింది. జీవితమంతా ఆ భాషలో వైద్యం చేసిన మనిషి, ఆసుపత్రిలో డాక్టర్లు ఏమడిగినా అయోమయంగా చూశారు. నేను "చెయ్యెత్తండి అంకుల్" అంటే ఎడమచెయ్యి ఎత్తారు.

సాయంత్రానికి కూతురు వచ్చింది. "నాన్నా, కెన్ యూ హియర్ మీ? ఇట్స్ మీ," అంది.

ఆయన నావైపు తిరిగారు. "ఏవంటోందమ్మా?" ముద్దముద్దగా అడిగారు.

ఆమె గబగబా బయటికి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. గోడకి ఆనుకుని, "ఐ అండర్‌స్టాండ్ ఎవ్రీథింగ్ హీ సేస్. ఐ జస్ట్ కాంట్ సే ఎనీథింగ్ బ్యాక్," అంది. నేను పక్కనే నిలబడ్డాను.

ఆయన ఇంటికొచ్చాక ఒక వ్యాసాన్ని తెలుగులో చెప్పబోయాను. నా తెలుగు దానికి చాలలేదు. "వద్దులేమ్మా," అని కళ్ళు మూసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

కొన్నాళ్ళకు కూతురు ఆయన్ని తనతో తీసుకెళ్ళింది. కారులో కూర్చోబెట్టి, సీటుబెల్టు పెట్టి, ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగింది.

"నాన్నా... నీళ్ళు... కావాలా?"

"ఇప్పుడొద్దు," అన్నారాయన, ఆమెనే చూస్తూ.