బోర్లా పడుకున్న లెక్కల మాస్టారు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది సంగతి. రాజమండ్రిలో ఒక కంటి ఆసుపత్రిలో నేను రెటీనా వార్డు నర్సుని. ఆపరేషన్ చేసేది డాక్టర్ గారు, ఆ తర్వాత పేషెంటుతో పోట్లాడేది నేను. నా నోరు అంత మంచిది కాదని అందరికీ తెలుసు. ఆ వార్డుకి అలాంటి నోరే ఉండాలని నా నమ్మకం.

ఎందుకో చెబుతాను. కంటి లోపల, వెనక గోడకి అంటుకుని ఉండే పల్చటి పొర రెటీనా. అది ఊడితే చూపు పోతుంది. విట్రెక్టమీ అనే ఆపరేషన్ చేసి, పొరని సర్ది, కంట్లో గ్యాస్ బుడగ పెడతారు. బుడగ పైకి తేలుతుంది కాబట్టి, మనిషి నేలకేసి చూస్తూ బోర్లా పడుకుంటేనే అది వెళ్ళి పొరని అదిమి పట్టుకుంటుంది. దీన్ని పొజిషనింగ్ అంటాం. వారం పైన, రాత్రీ పగలూ అదే తీరు. కత్తికి భయపడనివాళ్ళు కూడా దీనికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు.

విశ్వేశ్వరం మాస్టారు కొత్తపేట వైపు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఎడమ కన్ను ఎప్పుడో గ్లకోమాతో పోయింది. ఇప్పుడు రెటీనా ఊడింది కుడి కంట్లో. ఇది అతుక్కోకపోతే ఆయనకి ఇక చీకటే.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొడవంతా ఫోన్‌తో వచ్చింది. మాస్టారికి సోషల్ మీడియాలో ఒక అకౌంట్ ఉంది. రోజూ పొద్దున్నే అందులో ఒక లెక్క పెడతారు. పాత శిష్యులు, ఇప్పుడు జుట్టు నెరుస్తున్నవాళ్ళు, జవాబులు రాస్తారు. ఈయన మార్కులు వేస్తారు. ఆపరేషన్‌కి వచ్చే రోజు కూడా ఒక లెక్క పెట్టే వచ్చారు. ఇంకేముంది, దిండు పక్కన ఫోన్ టింగుమన్నప్పుడల్లా తల పైకి లేచేది.

"కాస్త ఎవరు రాశారో చదివి పెట్టమ్మా."

"మాస్టారూ, తల దించండి. బుడగ పక్కకి జరిగిపోతుంది."

"ఒక్కటే. మార్కులేసి పడుకుంటాను."

సౌండ్ తీసేశాను. మోగకపోతే మరీ ఆత్రం, ఎవరేం రాశారో అని గంటకోసారి లేచేవారు. రౌండ్‌కి వచ్చిన డాక్టర్ గారు చూసి, ఇలాగైతే పొర మళ్ళీ ఊడుతుంది, రెండోసారి నేను ఏ మాటా ఇవ్వలేను అని చెప్పి వెళ్ళారు. మాస్టారి భార్య అన్నపూర్ణమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది చూసి నాకు కోపం నెత్తికెక్కింది.

"ఆ అకౌంట్ మూసేద్దాం మాస్టారూ. ఎంతసేపూ పిల్లలు, పిల్లలు! ఆవిడ మొహం చూడక్కర్లేదా మీకు?"

మాస్టారు మెల్లిగా, "మూసేస్తే పిల్లల మార్కులన్నీ పోతాయేమో" అన్నారు.

అప్పుడు విడమర్చి చెప్పాను. డిలీట్ వేరు, డీయాక్టివేట్ వేరు. డీయాక్టివేట్ అంటే కొట్టుకి తాళం వేసుకోవడం. బయటివాళ్ళకి కనబడదు, లోపల సరుకు ఎక్కడిదక్కడే ఉంటుంది. మళ్ళీ పాస్‌వర్డ్ కొడితే తెరుచుకుంటుంది. సరేనన్నారు. ముందుగా అందరికీ ఒక మాట రాసి పెడదామంటే మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. "నా ఒంట్లో బాగోలేదని ఊరంతా దండోరా వేయించనా?" అన్నారు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి నేనే డీయాక్టివేట్ చేసి, ఫోన్ ఆపేసి అన్నపూర్ణమ్మ గారి సంచిలో పడేశాను. హమ్మయ్య అనుకున్నాను.

రెండు రోజులకి, విజిటర్ల వేళలో, వార్డు గుమ్మం దగ్గర జనం, అంతా మాస్టారి పాత శిష్యులే. మాస్టారి లెక్క రాలేదు. పేరు కొడితే మనిషే లేడు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఇంటికి వెళితే తాళం, పక్కింటివాళ్ళు ఆసుపత్రి అన్నారట. శిష్యుల గ్రూపులో "ఏమయ్యారో" అన్న మాట నాలుగు ఫోన్లు తిరిగేసరికి "పోయారట" అయింది. వాళ్ళు లోపలికి వచ్చి చూస్తే ఏముంది, దుప్పటి కప్పుకుని బోర్లా పడి ఉన్న మాస్టారు, కదలకుండా. లారీ నడిపే భారీ మనిషి ఒకాయన భోరుమన్నాడు.

"ఎవర్రా ఏడ్చేది? వీర్రాజా?" దిండులోంచి గొంతు వచ్చింది. "ఆ ముక్కు ఎగబీల్చడం ఇంకా మానలేదా? లెక్క చేశావా?"

"పాతికండీ!" అన్నాడు వీర్రాజు ఏడుస్తూనే.

గంపలో కాయలు రెండేసి, మూడేసి, నాలుగేసి చొప్పున పంచితే ప్రతిసారీ ఒకటి మిగిలింది, ఐదేసి పంచితే ఏమీ మిగల్లేదు, కనీసం ఎన్ని కాయలు అన్నది ఆ లెక్క.

"సరే. ఆ చామంతుల వాసన ఎక్కడిది?"

అందరూ బిక్కమొహం వేశారు. వీర్రాజు చేతి సంచిలో దండ కనబడుతూనే ఉంది.

"సిస్టర్ గారికి సన్మానమండీ" అన్నాడు.

ఆ దండ ఎవరి కోసం కొన్నారో తెలిసీ ఎలా వేయించుకుంటాను? నేను పెట్టిన చీవాట్లు పక్క వార్డుదాకా వినబడ్డాయట. అన్నపూర్ణమ్మ గారు మాత్రం చాలా రోజుల తర్వాత నవ్వారు. "పోయారని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందంటారు, మంచిదే" అన్నారు.

శిష్యుల్ని చూద్దామని మాస్టారు తల ఎత్తబోయారు. నేను అరిచేలోపే వీర్రాజు మంచం కింద తలవైపు నేల మీద చతికిలబడి, "ఇక్కడున్నానండీ, కిందకే చూడండి" అన్నాడు. మాస్టారు మంచం అంచు నుంచి అలాగే కిందకి మాట్లాడసాగారు. "నేల మీద కూర్చున్న పిల్లల పుస్తకాల్లోకి వంగి చూడటమేగా ఇన్నాళ్ళూ నా ఉద్యోగం. దీన్ని కష్టమనుకున్నానేంటి?" అన్నారు.

ఆ రోజు నుంచి డిశ్చార్జి దాకా ఒకరి తర్వాత ఒకరు వచ్చి చాప మీద కూర్చున్నారు. మాస్టారి తల మళ్ళీ లేవలేదు. కొన్ని వారాలకి బుడగ కరిగింది, రెటీనా అతుక్కుని ఉంది. చార్టులో పెద్ద అక్షరాలు, తర్వాత చిన్నవి చదివారు. నా ఎదురుగానే పాస్‌వర్డ్ కొట్టుకుంటే పాత మార్కులన్నీ తిరిగొచ్చాయి. మొదట రాసింది ఇది: "బడి తెరిచాం. వీర్రాజు లెక్కకి పదికి పది. దండకి సున్నా."

మూసుకున్న అకౌంట్ ఒక్క పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటుంది. కన్ను అలా కాదు, దానికి మనుషులు కావాలి. నాకు ఈ కేసు నేర్పింది అదే. ఇప్పుడు మా వార్డులో ప్రతి మంచం కిందా ఒక చాప ఉంటుంది. ఆపరేషన్‌కి ముందే అడుగుతాను, "కింద కూర్చోడానికి ఎవరొస్తారండీ?" అని.

మొన్న యానాం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "నాకెవరూ లేరమ్మా" అంది. చెకప్‌కి వచ్చిన మాస్టారు ఆ మాట విన్నారు. మర్నాడు ఆపరేషనయ్యాక మళ్ళీ వచ్చి, మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా ఆ చాప మీద కూర్చున్నారు.

"ఒక గంపలో కొబ్బరికాయలున్నాయండీ" అని మొదలుపెట్టారు.

"ఎన్నుంటాయండీ?" అంది ఆవిడ, కిందకే చూస్తూ.