యాకూబ్ భాయ్ మీద నా కుళ్ళు

యాకూబ్ అలీ గారు గురువారం ఉదయం గుండెపోటుతో కన్నుమూశారు. ఖతర్‌లోని ఉమ్ సలాల్‌లో మేమిద్దరం పనిచేసే విల్లా నుంచి వంటమనిషి ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు, నేను మేడమ్‌ను బజారులో దింపి పార్కింగ్‌లో కూర్చుని ఉన్నాను. ఆ హఠాన్మరణ వార్తకు నిశ్చేష్టుణ్ణయ్యాను. కానీ నిజం రాయాలి కదా. ఆ దిగ్భ్రాంతి వెనకాలే నా మనసులోకి వచ్చిన ఆలోచన, "ఇప్పుడు ఆ తాళంచెవి ఎవరికిస్తారు?" అని. సిగ్గుపడ్డాను. సిగ్గుపడుతూనే ఇంకోసారి అదే ఆలోచించాను.

ఆ తాళంచెవి ఒక బుల్లి పచ్చ కారుది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. సైకిలుకున్నట్టు ఊచల చక్రాలు, వెనక బిగించిన స్టెప్నీ. మేం బాబా అని పిలిచే మా యజమాని దాన్ని లండన్‌లో కొని ఓడలో తెప్పించాడు. ఇంట్లో పెద్ద బళ్ళు ఐదున్నా ఆయన ప్రాణం దీని మీదే. దాన్ని తాకే అధికారం ఒక్క యాకూబ్ భాయ్‌ది. జగిత్యాలలో స్కూటర్లు బాగుచేసుకుంటూ బతికిన మనిషిని బాబా "ఉస్తాద్" అని పిలిచేవాడు. అమలాపురం నుంచి వచ్చి తొమ్మిదేళ్ళుగా ఇంటిల్లిపాదినీ తిప్పుతున్న నన్ను "డ్రైవర్" అంటాడు. ఆ ఒక్క మాట తేడాకి నేను పడ్డ కుళ్ళు అంతా ఇంతా కాదు.

ఆయన యంత్రజ్ఞానం అపూర్వం, ఒప్పుకుంటాను. ఆ కారులో గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. నడుమ ఇంజన్ వేగాన్ని సరిగ్గా కలపాలి. ఏమాత్రం తప్పినా లోపల పళ్ళు కరకరలాడతాయి. "కాలుతోని కాదు శీనూ, చెవుతోని నడపాలె," అనేవాడు. అడగకుండానే అన్నీ చెప్పేవాడు. విద్య దాచుకునే మనిషైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. ఆ అవకాశమూ ఇవ్వలేదు మహానుభావుడు.

నేను వచ్చిన కొత్తల్లో ఒక శుక్రవారం, అందరూ నమాజుకు వెళ్ళినప్పుడు, షెడ్డులోంచి కారు బయటికి తీశాను. స్టీరింగ్ మన ఊళ్ళోలాగే కుడివైపు ఉండేసరికి ఇంకేం, మన బండే అనుకున్నాను. ఆ కారుకు యాక్సిలరేటర్ మధ్యలో, బ్రేకు కుడి చివర ఉంటాయని నాకేం తెలుసు? క్లచ్ వదలగానే దానంతటదే పాకిన బండి గోడ దగ్గరపడగానే బ్రేకనుకుని మధ్య పెడల్ గట్టిగా తొక్కాను. కారు ఒక్క ఉరుకున పోయి గోడకు కొట్టుకుంది. మడ్‌గార్డు చొట్టపోయింది.

బాబా వచ్చి చూశాడు. నేను నోరు తెరిచేలోగా యాకూబ్ భాయ్ ముందుకొచ్చి, గుండెమీద చెయ్యి పెట్టుకుని, "అనా, బాబా," అన్నాడు. అనా అంటే నేను అని అప్పటికే నాకు తెలుసు. బాబా చొట్టను తడిమి, "మాఫీ ముష్కిల్," అనేసి లోపలికి వెళ్ళిపోయాడు.

మాఫీ అంటే మనకు క్షమించడం. ముష్కిల్ అంటే కష్టం. క్షమించడం కష్టమన్నాడు, ఇక యాకూబ్ భాయ్‌ను ఇంటికి పంపేస్తారు అనుకున్నాను. పరుగున వెళ్ళి తప్పు నాదని చెప్పాల్సింది. చెప్పలేదు. పైగా లోలోపల సంతోషించాను, ఈయన పోతే బండి నా చేతికొస్తుందని. సాయంత్రం ఆయనకు టీ కూడా నేనే కలిపిచ్చాను.

"ప్రయాణం ఎప్పుడు భాయ్?"

"యాడికి?"

"మాఫీ ముష్కిల్ అన్నాడు కదండీ బాబా."

ఆయన టీ పొలమారేదాకా నవ్వాడు. "అరే పిచ్చోడా! ఈడ మాఫీ అంటె లేదు అని. ముష్కిల్ ఏం లేదు, ఫికర్ జెయ్యకు అన్నడు. పొద్దుగాల మడ్‌గార్డు నువ్వు పట్టుకో, నేను కొడత."

నవ్వుతూనే ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. నా సంతోషాన్ని కనిపెట్టే ఉంటాడు. ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. ఆ ఔదార్యం చూసి కూడా నాకు అసూయే కలిగింది. ఆయన స్థానంలో నేనుంటే పదిమందికీ చెప్పి నవ్వేవాణ్ణి.

ఆయన భౌతికకాయాన్ని ఇక్కడే ఖననం చేశాం. ఊరి నుంచి ఆయన తమ్ముడు ఫోన్‌లో, "మా అన్న దుబాయ్ మట్టిలనే కలిసిపోయిండు," అని ఏడ్చాడు. ఇది ఖతర్ అని సరిదిద్దబుద్ధి కాలేదు.

మూడు రోజుల సంతాపం ముగిశాక బాబా నన్ను షెడ్డుకు పిలిచి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "యల్లా," అన్నాడు, పోనియ్యమని. ఆయన లోపలికి వెళ్ళాక తోట చుట్టూ ఒక రౌండు కొట్టాను. మూడో గేరు నుంచి రెండోదానికి దించడం అన్నిటికన్నా కష్టం. అదీ చప్పుడు లేకుండా పడింది. పడగానే, చూశాడా లేదా అని గర్వంగా షెడ్డు వైపు తల తిప్పాను. అక్కడ ఎవరూ లేరు. బండి ఆపి చాలాసేపు ఏడ్చాను. యాకూబ్ భాయ్ చూస్తుండగా ఆ బండి నడపాలని ఇన్నేళ్ళూ కోరుకున్నానని అప్పుడు తెలిసింది.

ఆ పుణ్యాత్ముడికి ఈ ఈర్ష్యాళువు చేతులెత్తి నమస్కరిస్తున్నాడు. ఆయన స్థానం భర్తీ అయిందని ఇంట్లో అందరూ అంటున్నారు. కాలేదు. అందులో కూర్చున్నవాణ్ణి, నేను చెబుతున్నాను.