ఫెతూ కాపలా

సమోవాలోని మా ఊళ్ళో బస్సు నడిపే ఫెతూ ఎంత అనుమానపు మనిషంటే, కెరటం ఒడ్డుకు రావాలన్నా అతనికి కారణం చెప్పుకోవాలి. ఇంటికి రాగానే వైఫై పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, పిల్లి ఎలుక కన్నాన్ని చూసినట్టు దాని పచ్చదీపాన్నే చూస్తుంటాడు. ఊరికే కాదు. పదేళ్ళ కూతురు లూపే ఆన్‌లైన్ ఆటలో పరిచయమైన ఎవడికో తన బడి పేరు చెప్పేసింది. వాడు ఇంటి ఫోటో కూడా అడిగాడు. అది తెలిసిన రోజే ఫెతూ పాస్‌వర్డ్ మార్చాడు. కట్టుకున్న పెళ్ళానికీ, ఇంట్లోనే ఉండే చెల్లెలికీ చెప్పలేదు. అయినా మర్నాడు లూపే ఫోన్‌లో నెట్ వస్తోంది.

"ఎవరే చెప్పింది? మీ అత్తేనా?"

"కాదు నాన్నా, నువ్వే!"

"నేనా? నన్ను కోసినా చెప్పను!"

"సాయంత్రం ప్రార్థనలో, 'ముసలిపంది అనే మా కొత్త పాస్‌వర్డ్‌ను కాపాడు తండ్రీ' అన్నావుగా. పక్కిళ్ళవాళ్ళు కూడా ఆమెన్ అన్నారు."

మా ఇళ్ళకు గోడలుండవు, దేవుడి దగ్గర దాపరికమూ ఉండదు. ఫెతూ వైఫై పెట్టెను పక్కన పెట్టేశాడు.

"ఫోటో పంపావా?"

"లేదు. ప్రార్థనలో నీ గొంతు వణికింది. నాకు భయమేసి, నెట్‌లోకెళ్ళి వాణ్ణి తీసేశాను."

ఫెతూ ఆ మాటా నమ్మలేదు. ఫోన్ లాక్కుని, కళ్ళు తుడుచుకుంటూ, వాడి మొదటి పలకరింపు నుంచి చదవడం మొదలుపెట్టాడు.