మా అత్త అడిగిన పాలమందు

కొత్తగా చదువు పూర్తయిన రోజుల్లో మనిషికి తాను లేకపోతే లోకం ఒక్క అడుగు కూడా కదలదనిపిస్తుంది. ఎమ్మెస్సీ పాసై ఉద్యోగం దొరికిన ఏడాది నాకూ అలాగే ఉండేది. పొద్దున్నే బోధన్‌లో బస్సెక్కి నిజామాబాద్‌లో దిగి కాలేజీ వైపు నడుస్తుంటే, ఎదురొచ్చే ఆటోలు నేనెవరో తెలిసే పక్కకు తప్పుకుంటున్నాయని అనుకునేదాన్ని (అవి గుంతలను తప్పించుకుంటున్నాయని తెలియడానికి కొంతకాలం పట్టింది). ఉద్యోగం పేరు ప్రాజెక్టు అసిస్టెంటు. చేసే పని బూజు పెంచడం. పచ్చడి జాడీ మీద తేలే బూజు కాదులెండి, దానికి దూరపు చుట్టం. జపాన్‌లో సోయా సాస్ చేయడానికి తరతరాలుగా వాడుతున్న మర్యాదస్తురాలు. పసుపు బస్తాలో కాస్త బూజు కనిపిస్తే చాలు, మార్కెట్ యార్డులో కొనేవాళ్ళు ముఖం తిప్పుకుని పక్క కుప్ప దగ్గరికి వెళ్ళిపోయే ఊళ్ళో, ఏరికోరి బూజును సాకి దానికి జీతం కూడా తీసుకునేది బహుశా నేనొక్కదాన్నే.

మా ప్రాజెక్టు పెద్దాయనను కాలేజీలో అందరూ ‘బూజు సారు’ అనేవారు, ఆయనకు వినపడకుండా. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు ఉండే మనిషి. మాట్లాడితే పాఠ్యపుస్తకం చదివినట్టే ఉండేది. పాలలోని ప్రొటీనును పొడవాటి పూసల దండ అనుకోమనేవారు. బూజు నుంచి తీసిన ఎంజైము కత్తెర. దండను సరైన చోట కత్తిరిస్తే రాలే చిన్న ముక్కలు పెప్టైడ్లు. వాటిలో కొన్నింటికి రక్తపోటు తగ్గించే గుణం ఉండవచ్చు. ఆ ‘ఉండవచ్చు’ దగ్గర సారు ఒక క్షణం ఆగి, చూపుడు వేలు పైకెత్తేవారు. ఈ కథలో నా కష్టాలన్నీ ఆ మాట వినని వాళ్ళ వల్ల వచ్చినవే.

బూజుకు మేత కావాలి కదా. గోధుమ తవుడులో చెరుకు పిప్పి కలిపితే గాలి బాగా ఆడి ఏపుగా పెరుగుతుందని సారు ఆలోచన. చెరుకు పిప్పికి మా ఇంట్లో కరువు లేదు. మా నాన్నది, అంటే బాపుది, బోధన్ బస్టాండు దగ్గర చెరుకు రసం బండి. అందుకని వారానికోసారి గోనెసంచి నిండా పిప్పి తీసుకుని బస్సెక్కేదాన్ని. ఒకసారి కండక్టరు సంచిని కాలితో తట్టి, “ఏముందమ్మా ఇండ్ల?” అన్నాడు. “పిప్పి” అన్నాను. “పిప్పా? బర్లకా?” “కాదన్నా, బూజు పట్టియ్యనీకి.” ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, ఇంకేం అడగకుండా, డ్రైవరు వెనక సీటు నాకోసం ఖాళీ చేయించాడు. మర్యాద అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఓ కన్నేసి ఉంచడానికి అనిపిస్తుంది.

ఆ పిప్పీ తవుడూ తడిపి, ఆవిరికి ఉడికించి, చల్లారాక బూజు విత్తనం చల్లి వెచ్చని పెట్టెలో ఉంచితే, తెల్లటి దూది పరిచినట్టు మొదలై, మెల్లగా ఆకుపచ్చకు తిరిగేది. దాన్ని నీళ్ళలో నానబెట్టి వడగడితే ఎంజైము దిగేది. ఆ నీళ్ళను పాల ప్రొటీనుతో కలిపి గోరువెచ్చగా ఉంచితే కత్తిరింపు మొదలయ్యేది. అంతా బాగానే ఉండేది, ఒక్క చేదు తప్ప. ముక్కలు చిన్నవయ్యే కొద్దీ చేదు పుట్టుకొస్తుంది. ‘ల్యాబులో ఏదీ నోట్లో పెట్టుకోరాదు’ అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించింది సారే. ఒకరోజు నేను తలుపు తీసేసరికి, అదే గోడకు వీపు ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని, నాలుక బయట పెట్టి నిలబడి ఉన్నది కూడా సారే. “వేప” అన్నారు, అంతే. నేను మంచినీళ్ళ సీసా అందించాను. ఆ విషయం మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇక మా ఇంటి సంగతి. నా పనేమిటో అమ్మకు ఒకటికి రెండుసార్లు వివరంగా చెప్పాను, దండ, పూసలు, కత్తెరతో సహా. అమ్మ శ్రద్ధగా విన్నది. మర్నాడు పొద్దున నవీపేట్‌లో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేసి చెప్తుంటే పక్క గదిలోంచి విన్నాను. “మన పిల్ల పాలను కత్తెర తోని కత్తిరిస్తదంట వదినా. గవి తాగితే బీపీ దిగుతదంట.” ‘ఉండవచ్చు’ అన్న మాట బోధన్‌లోనే ఆగిపోయింది. వార్త మాత్రం నవీపేట్ చేరింది.

మా అత్త గురించి చెప్పాలి. బాపుకు అక్క. బీడీలు చుట్టి, ఒక్క బర్రెను మేపుకుని, ఎవరి ముందూ తల వంచకుండా బతికిన మనిషి. నన్ను డిగ్రీతో ఆపి పెళ్ళి చేద్దామని ఇంట్లో మాట వచ్చినప్పుడు, నవీపేట్ నుంచి దిగి, గుమ్మంలో నిలబడే “పిల్ల సదువుతనంటే మీకేం నొప్పి?” అని అడిగి, నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. నా ఎమ్మెస్సీ ఆ ఒక్క ప్రశ్న మీద నిలబడింది. అత్తకు బీపీ ఉంది. సర్కారు దవాఖానలో ఇచ్చిన గోలీలు రోజూ వేసుకునేది. వేసుకుంటోందనే మేమంతా అనుకున్నాం.

ఒక మధ్యాహ్నం బాపుకు ఫోన్ వచ్చింది. అత్త బర్రెకు గడ్డి వేస్తూ కళ్ళు తిరిగి పడిపోయిందట. బాపు రసం బండి పక్కవాళ్ళకు అప్పజెప్పి బస్సెక్కి, నిజామాబాద్‌లో నన్ను కలుపుకున్నాడు, ఇద్దరం నవీపేట్ దవాఖానకు పరుగెత్తాం. అత్త మంచం మీద కూర్చుని ఉంది. నుదుటి మీద చిన్న గాయం. దవాఖాన నర్సమ్మ బీపీ చూసి, అత్త చేతికి కట్టిన పట్టీ విప్పుతూ కోపంగా ఉంది. “గోలీలు బంద్ చేసిందంట! గింత బీపీతోని పక్షవాతం వస్తే ఎవరు జిమ్మేదార్?” అత్త తాపీగా నావైపు చూపించింది. “మా మేనకోడలు మందు తయారు చేస్తున్నది. పాలతోని. గది తాగుతనని ఇవి ఆపిన. ఇవి మస్తు వేడి చేస్తున్నయి.” నర్సమ్మ నా వైపు తిరిగింది. “నువ్వు డాక్టరువా?” “కాదక్కా, నేను... బూజు...” అని ఆగిపోయాను. ఆ గదిలో నా ఎమ్మెస్సీ కంటే చిన్న వస్తువు మరొకటి లేదు.

ఆ సాయంత్రం అత్త ఇంట్లో కూర్చుని బతిమాలాను. అది ఇంకా మందు కాదనీ, గాజు కుప్పెల్లోనే ఉందనీ, ఏ మనిషీ తాగలేదనీ చెప్పాను. భయపెడదామని చేదు సంగతి కూడా చెప్పాను. అదే నా పొరపాటు. అత్త ముఖం వెలిగిపోయింది. “చేదుగుంటదా? గట్లయితే మందే!” అన్నది. నేను మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. అత్త బీడీల కోసం తునికాకు కత్తిరించడం ఆపింది. తర్వాత మెల్లగా, “సమజైంది బిడ్డా. పెద్దపెద్దోళ్ళ కోసం చేస్తున్నరు. మాసొంటోళ్ళకు ఎందుకిస్తరు” అన్నది. కోపంతో అని ఉంటే బాగుండేది. కోపం లేదు ఆ గొంతులో. బాపు, నేను బస్సులో ఇంటికొచ్చేశాం. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నా చదువుకు దారి చూపిన మనిషికే ఆ చదువు వల్ల ముప్పు వస్తే, ఇక అదెందుకు?

తర్వాత వారం ల్యాబులో వడగడుతుంటే ప్యూను వచ్చి, “మేడం, మీకోసం ఎవరో వచ్చిండ్రు, పాల క్యాన్ తోని” అన్నాడు. వెళ్ళి చూస్తే అత్త! కొత్త చీర, నుదుటి మీద పట్టీ, చేతిలో స్టీలు క్యాను. “నా బర్రె పాలు తెచ్చిన. మీ పాలు మీ పెద్దోళ్ళకు పెట్టుకోండ్రి. నా పాలతోని నాకు చేసియ్యి.” వెనక నుంచి సారు వచ్చి, సంగతంతా విని, “రండమ్మా, కూర్చోండి” అన్నారు. ఆయన పాఠ్యపుస్తకం తెరవబోతున్నారని నాకు అర్థమైంది. తెరిచారు. దండ, పూసలు, కత్తెర. చివరకు వెచ్చని పెట్టె తలుపు తీసి ఫ్లాస్కు చూపించారు.

“గిదేంది?” అన్నది అత్త.

“బూజు” అన్నారు సారు గర్వంగా.

అత్త చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. “మామిడికాయ తొక్కు మీద గింత బూజొస్తే జాడి జాడి పారబోస్త నేను!” ఇంక బతికిపోయాననుకున్నాను. కానీ అత్తను నేను తక్కువ అంచనా వేశాను. కాసేపు ఆలోచించి కొంగు దించి, “సరే, మందు మందే. కండ్లు మూసుకుని తాగుత. తాపియ్యుండ్రి” అన్నది.

“అమ్మా, దీన్ని ఇంకా ఎలుకలకు కూడా ఇచ్చి చూడలేదు” అన్నారు సారు దీనంగా.

“ఎలుకల కన్న నేను నయం కాదా సారూ?”

ఇన్నేళ్ళ ఉద్యోగంలో సారును ఇలాంటి ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. ఆయన వేలు పైకెత్తారు, దించారు. కళ్ళజోడు తీశారు, పెట్టుకున్నారు. తర్వాత గోడ మీద గడియారం చూసి, చొక్కా జేబులోంచి ఒక వెండి రంగు గోలీల పట్టీ తీశారు. “క్షమించండి, నా గోలీ వేళ దాటిపోయింది” అన్నారు.

“మీకేం రోగం సారూ?”

“బీపీ.”

అత్త పట్టీ వైపు చూసింది. ఫ్లాస్కు వైపు చూసింది. సారు వైపు చాలాసేపు చూసింది. “మీరు చేసే మందు మీరే తాగరా?”

“అది మందు అయితే మొదట నేనే తాగుతానమ్మా. ఇంకా కాలేదు. అయ్యేదాకా నాకు ఇదే దిక్కు.” ఆయన నోటి నుంచి పుస్తకంలో లేని మాట వినడం అదే మొదటిసారి.

అత్త ఇంకేం అడగలేదు. కొంగు ముడి విప్పింది. అందులో దవాఖాన గోలీలు ఉన్నాయి. “పాండ్రి సారూ, ఇద్దరం వేసుకుందాం” అన్నది. ఆ వేప రోజు తప్పితే సారు నియమం తప్పే మనిషి కాదు కాబట్టి, ల్యాబులో కాకుండా వరండాలోకి నడిచారు. అక్కడ బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, ఒకే సీసాలోని నీళ్ళతో ఇద్దరూ చెరో గోలీ మింగారు. తర్వాత సారు, “మీకు అభ్యంతరం లేకపోతే ఈ పాలను మా ప్రయోగానికి వాడుకోవచ్చా?” అని అడిగారు. అత్త, “నీళ్ళు కలపని పాలు సారూ, మంచిగ చెయ్యుండ్రి” అని క్యాను ఆయన చేతికిచ్చింది. ఈసారి ఆమె మాటలో పెద్దోళ్ళ ప్రస్తావన లేదు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మా ముక్కలు గాజు కుప్పెల్లో బాగానే పనిచేశాయి. ఎలుకల్లో అంతంతమాత్రం. చేదు మాత్రం చివరిదాకా లొంగలేదు. ప్రాజెక్టు గడువు ముగిసింది, నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే పనిలో కుదిరాను. మా పాలమందు ఏ దుకాణానికీ చేరలేదు. అత్త మళ్ళీ ఎప్పుడూ గోలీ మానలేదు. ఇప్పటికీ బీడీలు చుడుతోంది, అందరినీ నిలదీస్తోంది.

కానీ అత్త పాల క్యాను తెచ్చిన రోజు సాయంత్రం గురించి చెప్పాలి. అత్తను నవీపేట్‌లో దింపి రావడానికి నేనూ బస్సెక్కాను. బస్సు కదిలాక చూసుకున్నాను, ఒంటిమీద తెల్ల కోటు అలాగే ఉంది, విప్పడం మరిచాను. నేను చూసుకునే లోపే బస్సు చూసేసింది. ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, “డాక్టరమ్మా, మోకాలు మస్తు గుంజుతున్నది” అన్నాడు. వెనకనుంచి ఒకామె తన కొడుకు దగ్గు గురించి మొదలుపెట్టింది. నేను నోరు తెరిచేలోపు అత్త లేచి నిలబడింది.

“డాక్టరు కాదు! మా మేనకోడలు. బూజు తోని పాలమందు చేస్తది. ఇంకా కాలే. అయినంక చెప్తది. అందాక మీ గోలీలు మీరు వేసుకోండ్రి!”

బస్సంతా ఘొల్లున నవ్వింది. పెద్దాయన మాత్రం బుద్ధిగా తలూపాడు. నేను కోటు విప్పి మడిచి ఒళ్ళో పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. సిగ్గుతో చెవులు ఎర్రబడుతున్నా నవీపేట్ దాకా అలాగే నిటారుగా కూర్చున్నాను. కిటికీ అవతల వరి పొలాల మీద ఎండ తగ్గుతోంది, పక్కన అత్త కునుకు తీస్తోంది. ‘ఇంకా కాలే, అయినంక చెప్తది’ అన్న మాటను నేను లోలోపల మళ్ళీమళ్ళీ అనుకుంటున్నాను. ఆ మందు ఎప్పటికీ తయారు కాదని, తెల్ల కోటులో కూర్చున్న ఆ అమ్మాయికి, అంటే అప్పటి నాకు, తెలియదు. తెలియకపోవడమే మంచిదైందని, తలుచుకున్నప్పుడల్లా నవ్వుకుంటాను.