మౌస్ ముట్టని రామబ్రహ్మం గారు

రామబ్రహ్మం గారికి ఒక్కటే జబ్బు. ఎదుటివాళ్ల మౌస్ ముట్టుకోరు. ఆయన ఉద్యోగం హైటెక్ సిటీలో ఎనిమిది అంతస్తుల ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేయడం. అయినా సరే, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఎగ్జిబిషన్ చూడ్డానికొచ్చిన మనిషిలా మన కుర్చీ వెనక నిలబడి "మీరే నొక్కండి" అంటారు. లిఫ్టులోనూ అంతే. పక్కవాడు రెండు చేతులతో మానిటర్ మోస్తున్నా, "ఐదో అంతస్తా? మీరే నొక్కండి. మోచేత్తో వస్తుంది, ప్రయత్నించండి" అంటారు.

ఆయన పక్క సీటు నాది. నా పేరు ఉదయ్ భాస్కర్. ఆయనంటే నాకు అసూయ. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే నేను చెప్పేదంతా న్యాయంగా ఉందని మీరు పొరబడతారు.

నేను రెండు నిమిషాల్లో నెట్‌వర్క్ కలుపుతాను. మౌస్ లాక్కుంటాను, టకటకా అంకెలు కొడతాను, లేచిపోతాను. అవతలివాళ్లు "థ్యాంక్స్" అనే మాట పూర్తిచేసేలోపల ఇంకో అంతస్తులో ఉంటాను. అదే పనికి రామబ్రహ్మం గారికి ముప్పావు గంట. కానీ గోంగూర పచ్చడి సీసా ఆయన బల్ల మీదికే వస్తుంది. పూతరేకులూ ఆయనకే. పెళ్లి శుభలేఖ ఆయనకి పేరు రాసి, బొట్టుపెట్టి ఇస్తారు. నాకోసం నోటీసు బోర్డుకి ఒకటి అంటిస్తారు.

పోయిన జూన్‌లో ఆఫీసు నెట్‌వర్క్ మొత్తం మార్చారు. ప్రతి కంప్యూటరుకీ కనెక్షన్ కొత్తగా పెట్టుకోవాలి. "అందరికీ అర్థమయ్యేలా ఏదైనా తయారుచేయండి" అన్నారు మా మేనేజరు భానుశ్రీ గారు. నేను నాలుగు రోజులు కూర్చుని నలభై రెండు పేజీల పుస్తకం రాశాను. బొమ్మలు, బాణాలు, విషయసూచిక, అన్నీ ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ రామబ్రహ్మం గారు స్టోర్ గదిలో సాయమ్మ దగ్గర కూర్చున్నారు.

సాయమ్మ బోరబండ నుంచి వస్తుంది. పన్నెండేళ్లు మా అంతస్తులు తుడిచి, ఆ మధ్యే స్టోరుకి సూపర్‌వైజర్ అయింది. ఫినాయిల్ డబ్బాలు, చీపుర్లు ఎన్నున్నాయో రోజూ కంప్యూటర్లో ఎక్కించాలి. ఆయనకి అక్కడేం పనో తెలుసుకుందామని నేను తలుపు సందులోంచి చూశాను.

"నెట్ వస్తలేదు సార్. నువ్వే జర పెట్టరాదు?"

"మీరే నొక్కండి సాయమ్మగారూ. కింద మూలన భూగోళం బొమ్మ ఉంది చూడండి."

"గిది భూగోళమా? నేను పుచ్చకాయ అనుకున్న."

"పుచ్చకాయే అనుకోండి. నొక్కండి."

"నొక్కిన. ఇగ గేట్‌వే ఏందని అడుగుతున్నది. గేటు కాడ వాచ్‌మన్ రాకేష్ ఉన్నడు, అడిగి రావాల్నా?"

రామబ్రహ్మం గారు నవ్వలేదు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, 'గేట్‌వే అడగకూడదు' అని రాసుకున్నారు. ఆయన నవ్వాల్సిందంతా కలిపి నేనే నవ్వుకుంటూ సీటుకొచ్చాను.

ఐదో రోజున ఆయన తెచ్చింది తెర మీద ఒక చిన్న పెట్టె. అందులో మూడే ప్రశ్నలు, తెలుగులో. వైరు పెట్టారా? ఏ అంతస్తులో కూర్చుంటారు? మీ పేరేంటి? కింద 'కలుపు' అని ఒక పచ్చ బటన్. మిగతా అంకెల గొడవంతా అదే చూసుకుంటుంది. కలవకపోతే తప్పు నంబరు చెప్పి భయపెట్టదు. "వైరు వదులుగా ఉన్నట్టుంది, కొంచెం గట్టిగా నొక్కండి" అంటుంది.

భానుశ్రీ గారు పచ్చ బటన్ నొక్కి, "అబ్బ!" అన్నారు. తర్వాత నా పుస్తకం చేత్తో ఎత్తి చూసి, "బాగా బరువుగా వచ్చింది ఉదయ్" అన్నారు. ఇప్పుడది మూడో అంతస్తు ప్రింటరు ఊగకుండా కింద పెట్టి ఉంది.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఆయనలో ఏదో ఒక లోపం పట్టుకోవాలని, ఎవరి ఫిర్యాదు ఎవరు పరిష్కరించారో ఉండే రిజిస్టర్ తెరిచాను. దొరికింది! ఏడాదికి నావి తొమ్మిది వందల పన్నెండు. రామబ్రహ్మం గారివి సున్నా. ప్రింటు తీసుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాను. భానుశ్రీ గారికి చూపించేముందు ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలని.

"ఏంటండీ ఇది? ఏడాదంతా ఒక్క పనీ చేయలేదా?"

"లేదండి. వాళ్లే చేసుకున్నారు. 'సొంతంగా చేసుకున్నారు' అని రాశాను. నిజమే కదండీ?"

"దానివల్ల మీకేంటి లాభం?"

ఆయన మొహమాటపడ్డారు. "నాకేం లేదండి. చివరి గడి చూడండి."

చూశాను. నేను చేసిపెట్టిన ప్రతి పనికీ, ఫిర్యాదు ఇచ్చిన మనిషి పేరు పక్కన ఒక మాట దానంతటదే పడింది: 'వీరికి రాదు'. స్టోరు, క్యాంటీన్, సెక్యూరిటీల్లో పనిచేసే కాంట్రాక్టు మనుషులకి అలాంటివి మూడు పడితే పాత పనికి పంపేస్తారని ఆయన చెప్పారు. సాయమ్మ పేరు వెతికాను. రెండున్నాయి. రెండూ నేను కలిపి, గర్వంగా లేచిపోయినవే. ఆ సున్నాల వల్లే రామబ్రహ్మం గారికి మూడేళ్లుగా ప్రమోషన్ లేదని కూడా అప్పుడే తట్టింది.

"ముందే చెప్పచ్చు కదండీ!"

"చెప్దామని చాలాసార్లు వచ్చానండి. మీరు అప్పటికే ఇంకో అంతస్తుకి వెళ్లిపోయేవారు."

ఆ కాగితం భానుశ్రీ గారి దగ్గరికే తీసుకెళ్లాను, వేరే పని మీద. ఆవిడ మొత్తం చదివారు. వారం తిరిగేసరికి ఆ గడి తీయించేశారు. సాయమ్మ పేరు పక్కనున్న రెండు మాటలూ పోయాయి. రామబ్రహ్మం గారి ప్రమోషన్ కాగితాలు కూడా కదిలాయి. అది చూసి నాకు మళ్లీ కడుపు మండింది, కాకపోతే ఈసారి కొంచెమే.

మొన్న సోమవారం నాలుగో అంతస్తులో కొత్తగా చేరిన రసజ్ఞ అనే అమ్మాయికి నెట్ రాలేదు. నేను మెట్లెక్కి పరిగెత్తాను. అప్పటికే అక్కడ సాయమ్మ ఉంది.

"పరేషాన్ గాకు బిడ్డా. నీ పేరు రాసినవా? ఇగ పచ్చది నొక్కు."

నెట్ వచ్చింది. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "మీరు ఐటీ టీమా ఆంటీ?"

"నేను గాదు బిడ్డా, గాయన," అని సాయమ్మ నన్ను చూపించింది. "మస్తు మంచోడే. జర నేర్చుకుంటున్నడు."

ఒక్క మనిషి మీద అసూయపడ్డానికే నాకు రోజు చాలడం లేదు. ఇప్పుడు ఇద్దరయ్యారు.