నంపాస్ మావకు దొరకని చప్పుడు

బండి చప్పుడు కొత్తది ఒకటి చెవిన పడిందంటే, అది ఎక్కడ పుట్టిందో తేలేదాకా నంపాస్ మావ ఆ బండినీ వదలడు, అందులో కూర్చున్న మనుషుల్నీ వదలడు. ఆయన మెకానిక్కేం కాదు. పెండలం దుంపలు పండించుకునే మనిషి. సొంత బండి లేదు. ఏనాడూ స్టీరింగు పట్టి ఎరగడు. అయినా మా దీవిలో ఈ పక్కనున్న మా వైట్‌శాండ్స్ నుంచి కొండ దాటి ఆ పక్కనున్న లెనాకెల్ సంతకు పోయే పికప్పులన్నీ తన పెంపకంలోనే ఉన్నట్టు మాట్లాడేవాడు.

రోడ్డు మధ్యలో రెండు చేతులూ చాచి నిలబడేవాడు. ఎక్కుతాడు కాబోలని ఆపితే ఎక్కేవాడు కాదు. కిటికీ దగ్గరికొచ్చి ఒకటే అడిగేవాడు.

“ఏమంటోంది?”

చప్పుడు ఏమంటోందని. నోటితో చేసి చూపించాలి. ‘ఏదో వస్తోంది మావా’ అంటే ఒప్పుకునేవాడు కాదు. ఒక ఆదివారం పాస్టరుగారు తెల్లచొక్కా వేసుకుని ప్రార్థనకు పోతుంటే ఆయన్నీ ఆపాడు.

పాస్టరుగారు ఇటూ అటూ చూసి, మెల్లగా, “గుర్ర్... కటక్” అన్నారు.

“గుర్ర్ ముందా, కటక్ ముందా?”

“గుర్ర్ ముందనుకుంటా.”

“అనుకుంటే కుదరదు అయ్యగారూ. కటక్ ముందైతే జాయింటు. గుర్ర్ ముందైతే బేరింగు. వెనక ఉన్నవాళ్ళు చెప్పండమ్మా.”

వెనక తొట్టిలో కీర్తనలు పాడే ఆడవాళ్ళు ఉన్నారు. సగంమంది గుర్ర్ అన్నారు, సగంమంది కటక్ అన్నారు. ఆ రోజు ప్రార్థన ఆలస్యంగా మొదలైంది. పాటలోనూ ఆ రెండు వర్గాలూ కలవలేదు.

ఇక ఆయన తొట్టిలోకి ఎక్కాడంటే జనం పని అయిపోయినట్టే. బోర్లా పడుకుని, చెవి రేకుకు ఆనించి, చెయ్యి పైకెత్తేవాడు. చెయ్యి దించేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఒకసారి పెళ్ళికి పోతున్న పంది ఒకటి అరవడం మొదలుపెడితే, “దాన్ని ఎవరైనా బుజ్జగించండి” అని విసుక్కున్నాడు. ఇంకోసారి కొండెక్కినంతసేపూ విని, “ఇది ఇంజనుది కాదు, గేరుది కాదు, చాలా లోతైన చప్పుడు” అని తేల్చాడు. తీరా చూస్తే అది పక్కనున్న ముసలామె బుట్టలో ఒకదానికొకటి తగులుకుంటున్న ఇనుప గిన్నెలు. అందరూ విరగబడి నవ్వారు. ఆయన మాత్రం ఏమీ చిన్నబుచ్చుకోలేదు.

“దొరికిందా లేదా?” అన్నాడు.

దొరకబుచ్చుకోవడంలో మాత్రం ఆయనకు ఒక పద్ధతి ఉంది. నా పికప్పు కొండ ఎక్కేటప్పుడు సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. మావ పక్కన కూర్చున్నాడు.

“మామూలుగా రెండు చక్రాల మీద పోనీ అల్లుడూ.”

పోనిచ్చాను. చప్పుడు లేదు.

“నాలుగు చక్రాల గేరు వెయ్యి.”

వేశాను. ఏడుపు మొదలైంది.

“అంటే ముందు చక్రాల తాలూకుది. ఇప్పుడు ఆపి, ముందు చక్రాలకు పోయే షాఫ్టు ఊడదీసి పక్కన పెట్టు. మళ్ళీ నడిపి చూద్దాం.”

ఊడదీసి నడిపితే చప్పుడు మాయమైంది. ఆ షాఫ్టును ఒళ్ళో పెట్టుకుని, జాయింటు చేత్తో తిప్పి చూశాడు. గ్రీజు ఎండిపోయి, జాయింటును మెలితిరగనిచ్చే లోపలి ఇనుప ముక్క, క్రాసు అంటారు, బిరుసుగా పట్టేసింది. కొత్తది వేశాక బండి నోరు మూసుకుంది. ఒక్క పూటలో తేలిపోయింది. అప్పటినుంచి నాకు ఆయన మీద గురి కుదిరింది. అందుకే సెరా వదిన బండి సంగతి నాకు అంతుపట్టలేదు.

సెరా వదిన మా జొనాస్ భార్య. జొనాస్, నేను ఒకే దారిలో పికప్పులు నడిపేవాళ్ళం. జ్వరం వచ్చి జొనాస్ పోయాడు. బండి రేకుల షెడ్డులో ఉండిపోయింది. అగ్నిపర్వతం నుంచి వచ్చే బూడిద దానిమీద రోజూ ఒక పొర వేసేది. వదిన రోజూ తుడిచేది. ఆమె కూరల తోట, పిల్లల చదువు, అన్నీ ఆ బండి తిరిగితేనే సాగేవి. మా వైపు బండి నడిపే ఆడమనిషి ఒక్కరూ లేరు.

జొనాస్ వాళ్ళ అన్నయ్య నలౌ వచ్చాడు. చెడ్డవాడేం కాదు. చొరవ కాస్త ఎక్కువ.

“ఊరికే తుప్పు పడుతుంది సెరా. నేను తీసుకెళ్ళి నడుపుకుంటా. నీకు ఏ లోటూ రానివ్వను” అన్నాడు.

అలా పోయిన బండి తిరిగి రాదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. కానీ పెద్ద బావగారి మాటకు ఎదురు ఏం చెబుతుంది? తాళం తెచ్చి ఇచ్చింది. నలౌ బండి తీసి రోడ్డెక్కాడో లేదో, ఎదురుగా రెండు చేతులూ చాచి నంపాస్ మావ.

“ఏమంటోంది?”

“ఏమీ అనడం లేదు. తప్పుకో.”

“కీచు కీచు అంటోంది. నెమ్మదిగా పోనీ, విను.”

నిజంగానే అంటోంది. పిచ్చుకపిల్లను కింద కట్టేసినట్టు కీచు కీచుమంది. మావ బండి కింద దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక ముఖం ముడుచుకుని ఉంది.

“నాలుగు చక్రాల గేరుకు సంబంధించింది. ఎక్కడో తెలియడం లేదు. కొండ దిగేటప్పుడు షాఫ్టు ఊడి నేలకు గుచ్చుకుందనుకో, బండి పల్టీ కొడుతుంది. తీసుకెళ్తానంటే తీసుకెళ్ళు. నేను మాత్రం అందులో ఎక్కను.”

ముసలామె గిన్నెల చప్పుడు వింటూ కొండంతా ఎక్కిన మనిషి, ఎక్కనన్నాడు. నలౌ బండి దిగి, తాళం వదిన చేతిలో పెట్టాడు.

“దొరికాక కబురు పెట్టు” అన్నాడు.

మర్నాడు మావ వదిన ఇంటికి వెళ్ళాడు. నేను అక్కడే ఉన్నాను.

“చప్పుడు పట్టుకోవాలి. నువ్వు నడుపు, నేను వింటా” అన్నాడు.

“నాకు రాదు మావా. ఆయన ఉన్నప్పుడు పెరట్లో రెండు మూడుసార్లు కదిలించానంతే.”

“నాకు బాగా నెమ్మదిగా పోయే బండి కావాలమ్మా. నడపడం వచ్చినవాళ్ళు ఎవరూ అంత నెమ్మదిగా నడపరు.”

“నేను నడుపుతాగా” అన్నాను నేను.

“నీ కాలు బండరాయి. కూర్చో” అన్నాడు.

అగ్నిపర్వతం కింద బూడిద మైదానం ఉంది. చెట్టు లేదు, గోడ లేదు, కొట్టుకోవడానికి ఏమీ లేదు. అక్కడిదాకా నాచేత నడిపించి, స్టీరింగు వదినకు ఇప్పించాడు. ఆ తర్వాత వర్షం లేని ప్రతిరోజూ అదే పని. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

“కుడివైపు పూర్తిగా తిప్పమ్మా. మలుపులో అంటుందేమో చూద్దాం. ఇప్పుడు ఎడమకి. ఇప్పుడు వెనక్కి. వెనక్కి పోయేటప్పుడు అనేవి కొన్ని ఉంటాయి.”

“బండి ఆగిపోయింది మావా.”

“మంచిదే. ఆగినప్పుడు ఏమంటుందో విన్నా. మళ్ళీ తియ్యి.”

పైన కొండ గుడుమ్మని పేలి నిప్పులు కక్కితే మావ చెయ్యి పైకెత్తేవాడు. కొండ మాత్రం ఆయన మాట వినేది కాదు.

కొన్నాళ్ళకు వాగుల్లోకి దిగారు. తర్వాత నిట్టనిలువు ఎక్కుళ్ళు మొదలయ్యాయి. “సగంలో ఆపు. ఇప్పుడు వెనక్కి జారకుండా కదిలించు. ఆ కదిలే క్షణంలోనే దొరుకుతుంది దొంగ.” దొంగ దొరకలేదు. పైగా కీచు కీచు పోయి, టకటక మొదలైంది.

“చూశావా, వెతుకుతున్నామని తెలిసి మాట మార్చింది” అన్నాడు మావ.

పెండలం నాట్లు అయిపోయాయి. తీగలు పాకాయి. చప్పుడు దొరకలేదు. నలౌ రెండుసార్లు వచ్చి, టకటక విని, తల పంకించి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం నిద్ర పట్టడం మానేసింది. నా బండి రోగం ఒక్క పూటలో చెప్పిన మనిషికి ఇది ఇన్నాళ్ళా?

ఒక మధ్యాహ్నం మావ తోటకు వెళ్ళినప్పుడు వదినను అడిగి బండి తీసుకున్నాను. ఆయన పద్ధతే పట్టాను. రెండు చక్రాల మీద టకటక. నాలుగు చక్రాల మీదా టకటక. ముందు షాఫ్టు ఊడదీద్దామని కింద దూరితే, దాని జాయింట్లో క్రాసు కొత్తది, మెరుస్తోంది. గ్రీజు నిండుగా పెట్టి ఉంది. షాఫ్టు తీసి నడిపినా టకటక. దిగుడులో ఇంజను ఆపేసి ఊరికే జారవిడిచినా టకటక. చివరికి ఏమీ తోచక, నిలబడి ఉన్న బండిని భుజంతో ఊపాను.

టకటక.

బండి కింద పొడుగునా పోయే బోలు ఇనుప దూలం లోపలికి చెయ్యి పెట్టాను. కొబ్బరిపీచు తగిలింది. పీచు లాగితే వెనక చేపల డబ్బా. డబ్బాలో రెండు పాత బోల్టులు, వాటితో పాటు అరిగిపోయిన క్రాసు ఒకటి. కీచు కీచుమన్న అసలు దొంగ. మావ ఎప్పుడో పట్టుకుని, మార్చేసి, తీసుకొచ్చి దాన్నే ఇందులో దాచాడు.

కాసేపు అక్కడే బూడిదలో కూర్చుని నవ్వుకున్నాను. తర్వాత డబ్బా ఉన్నచోటే పెట్టి పీచు కుక్కి, షాఫ్టు బిగించాను.

సాయంత్రం ఊరి మగవాళ్ళు కూడే నకమాల్ దగ్గర అందరం కావా కోసం చేరాం, మత్తెక్కించే వేరు రసం అది. కావా తాగాక మాట్లాడకూడదు మాలో. తాగకముందే మావ పక్కకు చేరాను.

“మావా, సెరా వదిన బండి కింద ఇవాళ నాకొక చేపల డబ్బా...”

మావ పక్కవాడి చేతిలోని కావా కొబ్బరిచిప్ప లాక్కుని, గటగటా తాగేసి, నోటిమీద వేలు పెట్టుకున్నాడు. ఇక ఆ పూటకు ఆయన మౌనం.

పొద్దున్నే నా ఇంటి ముందు ప్రత్యక్షమయ్యాడు.

“తీసింది తీసినచోటే పెట్టావా?”

“పెట్టాను.”

“పీచు గట్టిగా కుక్కావా? వదులైతే చప్పుడు మారుతుంది. ఆ అమ్మాయి చెవి ఇప్పుడు పదునుగా ఉంది. కనిపెట్టేస్తుంది.”

“ఇంకెన్నాళ్ళు మావా?”

ఆయన కొండవైపు చూశాడు. “అన్నీ వచ్చాయి. ఎక్కుడులో ఆపి కదిలించడం దగ్గరే కాస్త జారుతోంది. అది కుదిరితే లైసెన్సుకు పంపిస్తా. బండి నడపగలదని ముందే అంటే నలౌ నవ్వేవాడు. ఊరు నవ్వేది. ఆమే నవ్వేది. చప్పుడు వెతుకుతున్నామంటే ఎవరు నవ్వుతారు?”

“నిన్ను చూసి నవ్వుతున్నారుగా.”

“అది పాత సంగతే కదా అల్లుడూ.”

వదిన లైసెన్సు తెచ్చుకున్న రోజు కొండ దాటి తనే బండి నడుపుకుంటూ వచ్చింది. టకటక లేదు. మావ ముందురోజే దొంగకు విడుదల ఇచ్చేశాడు.

చప్పుడు పోయిందన్న కబురు నలౌకి చేరింది. సంతరోజు పొద్దున్నే వచ్చాడు. వదిన అప్పటికే తొట్టిలో కూరల బుట్టలు, నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ కోళ్ళతో సహా బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

“పోయిందటగా చప్పుడు. ఇక నేను తీసుకెళ్తా” అన్నాడు నలౌ.

“పోయిందో లేదో చెప్పలేను బావగారూ. నేను నడిపితే మాత్రం ఊరుకుంటుంది” అంది వదిన, తలుపు వేసుకుంటూ. “సంతకే పోతున్నా. ఎక్కండి, ఎక్కడ దింపమంటారు?”

నలౌ నంపాస్ మావవైపు చూశాడు. మావ చాలా శ్రద్ధగా తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. నలౌ బండి చుట్టూ తిరిగి వచ్చి, ముందు సీట్లో కూర్చున్నాడు.

లెనాకెల్లో దిగగానే నలౌ కలిసినవాళ్ళందరినీ ఆపి చెప్పడం నేను విన్నాను.

“మా తమ్ముడి భార్య నడిపింది. కొండ దిగినంతసేపూ ఒక్క కుదుపు లేదు. మా ఇంటి బండి మరి.”