తేలినీలాపురానికి పురిటి కాయం

పనులుంటే కాసేపు పక్కన పెట్టండి. ఆ గడప దగ్గర ఎందుకు, ఇలా చాప మీదకు జరగండి. నా గొంతు అంత పెద్దది కాదు. నేను చదివింది నాలుగో తరగతి, దారిలో చూసినవి రాసి పెట్టుకునే అలవాటు లేదు. కానీ ఎక్కిన బండి, తిన్న ముద్ద, పలకరించిన మనిషి నాకు గుర్తుండిపోతాయి. తేలినీలాపురం పక్షుల్ని చూడాలని మీలో ఎవరికైనా ఉంటే దారి ఇందులోనే ఉంది, టైములతో సహా. నాలాగా మాత్రం వెళ్లకండి.

మాది పలాస. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని నాది. మా చెల్లి దాలమ్మను తేలినీలాపురంలో కామయ్యకు ఇచ్చారు. వాళ్లకు ఒక్కతే కూతురు, రత్నం. ఆ పిల్లను అదే ఊళ్లో మేనత్త కొడుక్కి చేశారు. పెళ్లయి ఆరేళ్లయినా కడుపు పండలేదు. మొదట్లో కనబడిన వాళ్లందరూ అడిగేవారు. తరవాత అడగడం కూడా మానేశారు.

రెండువేలు దాటిన మూడో ఏడో నాలుగో ఏడో, మార్గశిర మాసం. దాలమ్మను నాలుగు రోజులు నా దగ్గర ఉంచుకుందామని మా వీధి కిరాణా కొట్టులో రూపాయి ఫోను నుంచి వాళ్ల ఊరి కొట్టుకు ఫోను చేశాను. మా మరిది కామయ్య లైనులోకి వచ్చాడు. ఒకటే గరగర.

“ఇప్పుడెలాగొత్తాది వదినా? ఇంటినిండా పురిటోలే! పొద్దున్న...” అని ఏదో అన్నాడు, వినబడలేదు. “రత్నం ఒళ్లో ఎట్టుకుని కూకుంది. కదల్దు...” అన్నాడు. లైను తెగిపోయింది.

వినబడిన ముక్కల్ని నేనే కలిపి కుట్టుకున్నాను. పురిటోళ్లు, రత్నం, ఒళ్లో పెట్టుకుంది. ఇంకేం కావాలి? ఎన్నాళ్లకో నిలిచిన కడుపును దిష్టి తగులుతుందని మా వైపు బయటపెట్టరు. నాకూ అలాగే చెప్పకుండా దాచి ఉంటారనుకున్నాను. కోపం రాలేదు. కొట్టువాడి ముందే కళ్లు తుడుచుకున్నాను.

రెండు రోజులు పనికి వెళ్లలేదు. శొంఠి, పిప్పళ్లు, వాము, మిరియాలు దంచి, బెల్లం పాకం పట్టి, నువ్వులనూనె పోసి బాలింతకు కాయం ఉండలు చేశాను. పాత నేత చీర ఉతికి పొత్తిగుడ్డలు చింపాను. ఒక వస కొమ్ము, పసిబిడ్డ చేతికి రెండు నల్లగాజులు కొన్నాను. జీడి పిక్క కొట్టేవాళ్ల వేళ్లు నల్లగా మాడిపోయి ఉంటాయి. ఆ చేతులతో పసిగుడ్డును ఎత్తుకుంటే ఒరుసుకుంటుందని పూటపూటా కొబ్బరినూనె రాసి రుద్దాను.

అన్నీ ఒక గుడ్డ సంచిలో సర్దుకుని, మూడో రోజు పొద్దున్న అయిదున్నరకు పలాస స్టేషనుకు వెళ్లాను. ఆరూ పదికి పాసింజరు. టికెట్టు పది రూపాయల లోపే. నా ఎదురుగా ఖాళీ తట్టతో ఒక చేపలామె కూర్చుంది. భావనపాడు రేవులో చేపలు కొని, టెక్కలిలో అమ్ముకుని, సాయంత్రం బండికి తిరిగి వస్తుందట. ఆమె నా సంచి వైపు ముక్కు ఎగబీల్చింది.

“సొంటి వాసనొత్తంది. ఎవులికమ్మా పురుడు?”

“మా సెల్లి కూతురికి. ఆరేళ్లకి. సూసీసి నేనూ సాయంత్రం బండికే తిరిగొచ్చీత్తాను.”

“ఓలమ్మ, ఆరేళ్లకా! అలగైతే సొర సేప ఎట్టాల. పాలు పడతాయి. నా తట్ట కాళీగున్నాది గానీ, లేకపోతే ఇద్దును.”

పూండి దాటాక ఎండ పొడిచింది. ఏడు కాకముందే నౌపడలో దిగాను. స్టేషను బయట ఇడ్లీ తిని, టీ తాగి, షేరు ఆటో ఎక్కాను. ఉప్పు మడులు, వాటి గట్ల మీద తెల్లటి కుప్పలు. అవి దాటితే తంపర. సముద్రపు పోటు నీరూ వాన నీరూ కలిసి నిలిచే పల్లపు నేలను అక్కడ తంపర అంటారు. నీళ్లలో ఏవో పెద్ద పక్షులు తేలుతున్నాయి. నేను సరిగా చూడలేదు. నా మనసంతా సంచి మీదే ఉంది.

“పచ్చుల్ని సూడ్డానికా?” అని ఆటో అబ్బాయి అడిగాడు.

“కాదు బాబూ, పురుటికి.”

“ఆ ఊరికి అందరూ పురుటికే వత్తారమ్మా!” అని పెద్దగా నవ్వాడు. ఎందుకు నవ్వాడో అర్థం కాలేదు. ఊరి మొదట్లోకి వచ్చేసరికి హారన్ మానేసి నెమ్మదిగా పోనిచ్చాడు.

నేను ఆ ఊరికి ఎప్పుడు వెళ్లినా పెళ్లిళ్లకే, ఎండాకాలంలోనే. పక్షులు వస్తాయని విన్నాను గానీ చూడలేదు. ఆ రోజు చూస్తే దాలమ్మ ఇంటి పెరట్లో మూడు చింతచెట్లూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కొమ్మకొమ్మకూ పుల్లల గూళ్లు. పైనుంచి పిల్లల గోల, కింద చేపల కంపు. నేను అదేమీ పట్టించుకోకుండా వసారాలోకి నడిచాను.

రత్నం అటు తిరిగి కూర్చుని ఉంది. ఒళ్లో తువ్వాలు మూట. “నా తల్లే, ఇటు సూపించవే!” అని మీదికి వంగాను. తువ్వాలులోంచి తెల్లటి నూగు తల ఒకటి పైకి లేచింది. ముందు అట్లకాడంత ముక్కు.

కెవ్వుమని అరిచి గోడకు ఆనుకున్నాను.

“బయపడకు పెద్దమ్మా, గూడబాతు పిల్ల” అంది రత్నం. “నిన్న కాదు మొన్న కాదు, అటుమొన్న గూట్లోంచి పడిపోనాది. రెండు రోజులు ఏదో కొంచిం కుక్కితే మింగినాది. నిన్నట్నుంచి నోటికేటీ పట్టడం లేదు.”

అప్పుడు తెలిసింది. ఆ ఊళ్లో ఈ పక్షుల్ని పక్షులనే అనరు. పురిటికొచ్చిన ఆడపిల్లలంటారు. పిల్లలు ఎగిరేదాకా పెరట్లో చింతకాయ కూడా రాలగొట్టరు. పెళ్లి బాజాలు వస్తే ఊరి మొదట్లోనే ఆపేస్తారు. మా మరిది ఫోనులో అబద్ధమేమీ చెప్పలేదు.

దాలమ్మ నన్ను వంటింట్లోకి లాగింది. “అప్పా, ఆ సంచిలో ఏటున్నాది? సొంటి వాసనొత్తంది.”

చెప్పాను. నా చెల్లి ముఖం తెల్లబోయింది. “దానికి కనబడనీకప్పా. ఈ మజ్జినే ఏడుపు మానింది. నువ్వు తెచ్చినవి సూస్తే మల్లీ మొదలెడతాది.” నేను వెళ్లి సంచిని వసారాలో బల్ల కిందకు తోసేశాను. ఇంత దూరం ముద్దాడడానికి వచ్చి ఆ పిల్ల గుండె మీద తన్నిపోతానేమో అనుకున్నాను.

పది గంటలకు కామయ్య నన్ను తంపర గట్టుకు తీసుకెళ్లాడు. మీరు వెళ్తే అదే వేళకు వెళ్లండి, ఎండ పడి నీళ్లు బాగా కనిపిస్తాయి. గూడబాతులు నాలుగైదు వరస కట్టి ఈదుతూ చేపల్ని లోతు లేని చోటుకు తోలి, ఒక్కసారిగా ముక్కులు ముంచుతున్నాయి. ముక్కు కింద తోలు సంచి నీళ్లతో నిండి వేలాడుతుంది. నీళ్లు వదిలేసి చేపను మింగుతాయి. పక్కనే రంగు కొంగలు. అవి ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుకుంటూ నడుస్తాయి, మనం చీకట్లో గూట్లో అగ్గిపెట్టె కోసం చేత్తో తడిమినట్టు.

“పోయినేడు వానల్లేవు వదినా. తంపర ఎండిపోనాది. పురిటోలొచ్చి సెట్ల మీద వాలినారు, సూసినారు, ఎల్లిపోనారు. ఊరంతా సూతకంలాగ ఉన్నాది” అన్నాడు కామయ్య. “ఈ ఏడు నీరున్నాది, సేపున్నాది. ఇల్లు కంపు కొడితే కొట్టనీ. ఈ రెట్ట పడిన మట్టే కదా మా పొలానికి బలం.”

“రత్నం దగ్గరున్న పిల్ల బతుకుతాదేటి?”

“తినకపోతే రేపటికుండదు. అది పోతే రత్నాన్ని సూడలేం.”

ఒంటిగంటకు భోజనం. మెత్తళ్ల పులుసు, తోటకూర. నీళ్లలో నేలలో పుట్టిన రుచి, ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. రత్నం మాత్రం తినలేదు. చిన్న గిన్నెలో నీళ్లు పోసి చేపలు పెట్టుకుని పిల్ల ముందు జరుపుతుంది, అది ముక్కు తిప్పుకుంటుంది. బలవంతాన నోట్లో పెడితే విదిలించేస్తుంది. మెడ వాలిపోతోంది.

నేను వసారా అంచున కూర్చుని పైకి చూస్తున్నాను. తంపర నుంచి ఒక తల్లి గూడబాతు వచ్చి గూటి మీద వాలింది. వాలీ వాలగానే నోరు తెరిచింది. పిల్ల ఒకటి తల, మెడ మొత్తం ఆ గొంతు సంచిలోకి దూర్చేసి లోపలే తింటోంది. తల్లి దాన్ని మింగేస్తుందేమో అనిపించింది. నాకు చటుక్కున తట్టింది.

“ఓలె రత్నం! దానమ్మ గిన్నిలో ఎట్టదే, సంచిలో ఎడతాది. నువ్వూ సంచిలో ఎట్టి సూడు!”

నేను నోరు మూసేలోపే రత్నం లేచింది. కంటికి కనబడిన మొదటి సంచి బల్ల కింద ఉంది. లాగింది, బోర్లించింది.

కాయం డబ్బా దొర్లింది. వస కొమ్ము, పొత్తిగుడ్డలు, రెండు నల్లగాజులు నేల మీద పడ్డాయి. దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కామయ్య చేతిలో చుట్ట ఆరిపోయింది. నన్ను భూమి మింగేస్తే బాగుండుననుకున్నాను.

రత్నం వాటిని చూసింది. సంచిలో చేపలు పోసి, కాసిన్ని నీళ్లు చల్లి, పిల్ల ముందు సంచి నోరు తెరిచి పట్టుకుంది. అది కాసేపు అలాగే ఉంది. తరవాత ముక్కు పెట్టింది. తరవాత తల. తరవాత మెడదాకా దూరిపోయింది. లోపల గుటకలు వినబడ్డాయి. సంచి అడుగు ఎగిరెగిరి పడింది. ఆరు చేపలు తింది. అది తల బయటకు తీశాకే రత్నం నా వైపు తిరిగింది.

“ఇవన్నీ ఎవులికి తెచ్చినావు పెద్దమ్మా?”

అబద్ధం నోటికి రాలేదు. “నీకేనే తల్లీ. పోనులో సరిగ్గా ఇనబడ్లేదు. నీకు పుట్టిందనుకున్నాను.”

“నమ్మీసినావా?”

“నమ్మీసినాను.”

“నిజమేనా అని ఎవుల్నీ అడగలేదేటి?”

“ఎవుల్నడుగుతాను? కాయం దంచుకుని బండెక్కీసినాను.”

ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని, ఒళ్లో పిల్ల కదిలిపోయేలా నవ్వింది. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. “అందరూ ఆశ మానీసినారు. నేనూ మానీసినాను. నువ్వొక్కర్తివే రైలెక్కొచ్చినావు పెద్దమ్మా” అంది.

కామయ్య దొర్లిన డబ్బా అందుకున్నాడు. “కాయం ఉన్నాదేటి? సలికి నా నడుం పట్టీసినాది వదినా. పురిటాలికంటే నాకే గావాల.”

“సిగ్గులేదా నీకు!” అని దాలమ్మ చెయ్యి చాపి తనూ ఒక ఉండ తీసుకుంది. రత్నం రెండు తింది, వాటి వెంట అన్నమూ తింది. పొత్తిగుడ్డలు పిల్ల కింద పరిచాము. దాన్ని నేను కూడా కాసేపు ఎత్తుకున్నాను. ఎంత వెచ్చగా ఉందో! కొబ్బరినూనె రాసి మెత్తబరిచిన వేళ్లు వృథా పోలేదు.

నల్లగాజులు మాత్రం తీసుకుపోదామని వంగి వెతికాను. అవి రత్నం గుప్పిట్లో ఉన్నాయి.

“ఇయి ఇవ్వను పెద్దమ్మా. ఇయి నాయి.”

నాలుగున్నరకు బయలుదేరాను. తొందర లేనివాళ్లు టెక్కలికి వెళ్లి అక్కడి నుంచి బస్సు ఎక్కవచ్చు. నేను వచ్చిన దారినే నౌపడకు వచ్చి అయిదున్నర బండి పట్టుకున్నాను. నా చేతులు ఖాళీ, సంచి ఆ గూడబాతు పిల్ల మేతకే ఉండిపోయింది. రైలు పెట్టెలో పొద్దుటి చేపలామె! నన్ను చూడగానే తట్టలోంచి ఆకు పొట్లం తీసింది. “నీకోసరమే సొర ముక్క అట్టిపెట్టినాను. గుంటా, గుంటడా?” అని ఆడో మగో అడిగింది.

“సెట్టునిండా ఉన్నారు, లెక్కెట్టలేకపోనాను తల్లీ” అని జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వింది. ఆ పొట్లం తీసి నా ఒళ్లో పెట్టింది. “నువ్వే ఒండుకు తిను. నువ్వూ పురుడు పోసొచ్చినదానివే కదేటి.”

బయట తంపర మీద పొద్దు వాలుతోంది. పక్షులు వరసలు కట్టి ఊరి వైపు వెళ్తున్నాయి. మా చెల్లి ఊరు తన ఇళ్ల మీద ఇంత రెట్ట వేయించుకుని వాటిని కాపాడుతోంది. నా తప్పును కూడా అలాగే కాచుకుంది. ఆ ఊరికి, ఆ నీటికి, పేరు అడగడం మరిచిపోయిన ఆ చేపలామెకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఆ పిల్ల శివరాత్రి దాటాక ఎగిరిపోయిందని కొట్టు ఫోనులో రత్నమే చెప్పింది. ఈసారి ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఇంతసేపు విన్నారు, కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి, ఇక లేవండి. మీ పెరట్లో కొమ్మ విరగకుండా ఉండాలి. మీ కుండలో నీళ్లు, మీ పళ్లెంలో చేప తరగకుండా ఉండాలి. మీ గుమ్మానికి ఎవరు ఏ ఆశతో వచ్చినా చిన్నబోకుండా తిరిగి వెళ్లాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.